తూము తాళం

డిసెంబరు, శుక్రవారం

కాలవ తూము తాళం ఈ ఏడు కూడా సుబ్బారావుకే ఇచ్చారు. ఎవరి మిరప చేనుకు ఏ రోజు వంతో పదేళ్లుగా రాసిపెట్టేది నేను. తాళం మాత్రం వాడికి. నేను గుడి గడప తొక్కనని ఊరంతటికీ తెలుసు. "దేవుడికే భయపడనివాడు మనకేం భయపడతాడ్రా?" అన్నాడు కోటయ్య మామ, నేను పక్కన కూర్చుని ఉండగానే. అందరూ నవ్వారు. సిగ్గులేకుండా నేనూ నవ్వాను.

మెడలో అయ్యప్ప మాల పడితే చాలు, సుబ్బారావు మాటకు తిరుగులేదు. కుళ్లుగా ఉంది నాకు. నా డైరీలో నేను రాసుకోవడానికి నామోషీ ఏంటి?

సాయంత్రం వాడే వచ్చాడు. రేపు శబరిమల బయల్దేరుతున్నాడు. దీక్షలో ఉన్నాడు కదా, నన్నూ స్వామీ అనే పిలిచి తాళం చేతిలో పెట్టాడు.

"వారం రోజులు తెల్లవారకముందే నువ్వే తిప్పు స్వామీ. మా తమ్ముడు తిప్పుతాడని ఊళ్లో చెప్పాను."

"మరి వాడికే ఇవ్వచ్చుగా?"

"వాడైతే ముందు మా చేనే తడుపుకుంటాడు. నువ్వు నీ చేలోకి కూడా వంతు తప్పి చుక్క వదలవు."

పొంగిపోవాల్సిన మాట. పొంగలేకపోయాను. నీళ్లు సక్రమంగా పారితే ఆ మంచిపేరూ సుబ్బారావుకే.

రేపటి వంతు కోటయ్య మామది. అరగంట ముందే షట్టర్ దించేస్తే తిట్లు పడేది సుబ్బారావుకీ వాడి తమ్ముడికీ, నా పేరెవరూ ఎత్తరు. అలా అనుకున్నాకే తెలిసింది. పదేళ్లుగా మామ నన్ను అనుమానిస్తున్నది సరిగ్గా దీనికే.