ముందుపేరు, వెనకపేరు

శుక్రవారం, వాన వెలిసిన పొద్దుట

అక్కయ్యా, నువ్వు ఇంటిపేరువైపోయావు.

ఉత్తరం ఇలా మొదలుపెట్టకూడదని నాకూ తెలుసు. ముందు దణ్ణాలు, తర్వాత క్షేమం, ఆ తర్వాతే కబుర్లు. కానీ నిన్న మధ్యాహ్నం నుంచి ఈ మాట గొంతులో కూర్చుని అన్నం కూడా దిగనివ్వడం లేదు. చెప్పేశాను కాబట్టి ఇప్పుడు పద్ధతిగా రాస్తాను. తల్లి తర్వాత తల్లివైన అక్కయ్య పాదాలకు తమ్ముడు దణ్ణం పెట్టి, ఎవరిచేతా రాయించకుండా తన చేత్తోనే రాసుకుంటున్న ఉత్తరం. ఇక్కడ మేం ముగ్గురం బాగున్నాం. నీ మోకాళ్ళు, బావగారి దగ్గు ఎలా ఉన్నాయో రాయి. అక్షరాలు వంకర పోతే తప్పు కళ్ళజోడుది, ఒత్తులు ఎగిరిపోతే నాది. నా చదువు నీకు తెలిసిందే.

సంగతి మొదటి నుంచి చెబుతాను.

అమ్మాయి పెళ్ళి చేసుకుని ఈ దేశం వచ్చినప్పుడు దాని పాస్‌పోర్టులో మన పద్ధతి ప్రకారం ఇంటిపేరు ముందూ, పేరు వెనకా ఉన్నాయి. అక్కడే వచ్చింది తిరకాసు. వీళ్ళకు మనిషి పేరు ముందుంటుంది, ఇంటిపేరు వెనక తోకలా వస్తుంది. ఆఫీసువాళ్ళు ముందున్న మన ఇంటిపేరునే దాని పేరనుకుని రాసేసుకున్నారు. ఇక అంతే. అది పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణంలో, బ్యాంకులో, పళ్ళ డాక్టరు దగ్గర, అందరూ దాన్ని మన ఇంటిపేరు పెట్టే పిలుస్తున్నారు. వాళ్ళమ్మ ముచ్చటపడి పెట్టుకున్న పేరేమో వెనక్కి పోయి కూర్చుంది, అల్లుడు తప్ప పలకరించే దిక్కులేక.

అల్లుడికి మన భాషలో ఒక్క ముక్కే వచ్చు. "మావయ్యా, తిన్నారా" అంటాడు. నేను తింటుంటే ఎదురుగా కూర్చుని కూడా అదే అడుగుతాడు. తింటున్నాను బాబూ అంటే తలూపి, కాసేపాగి మళ్ళీ అదే. మంచివాడు అక్కయ్యా.

నేను వచ్చిన కొత్తలోనే అమ్మాయి తన దుకాణం చూపించడానికి తీసుకెళ్ళింది. గోడ నిండా కళ్ళజోళ్ళు. ఒక్కో అద్దంలో ఒక్కో చిన్న కిటికీ, ఒక్కో కిటికీలో కాస్త ఆకాశం. వెనక గదిలో అద్దాలు అరగదీసే మిషను సన్నగా నీళ్ళు కారుస్తూ జోలపాట లాగా తిరుగుతోంది. కుర్చీలో కూర్చున్నవాణ్ణి అలాగే కునుకులోకి జారిపోయాను. ఇంతలో లోపల్నుంచి ఎవరో మన ఇంటిపేరు పెట్టి పిలిచారు. నేనెక్కడున్నానో నాకు తెలియలేదు. మన నాన్నను ఊరంతా ఇంటిపేరుతోనే కదా పిలిచేది. ఎవరో కుట్టుకి గుడ్డ ఇవ్వడానికి వచ్చారు, నాన్న మెడలో టేపు వేసుకుని ఇప్పుడే పక్కగదిలోంచి వస్తాడు అనుకున్నాను. ఎంతకీ రాకపోయేసరికి నేనే లేచి, ఆఁ వస్తున్నా అన్నాను. దుకాణమంతా నావంక చూసింది. అమ్మాయి నవ్వీ నవ్వీ, చేతిలో ఉన్న ఎవరిదో కళ్ళజోడు తీసి పక్కన పెట్టి మరీ కళ్ళు తుడుచుకుంది.

ఆనాటి నుంచి నాకా దుకాణం వదలబుద్ధి కాలేదు. దానికి తోడు వెళుతున్నానని వంక పెట్టి రోజూ వెళ్ళి కూర్చునేవాణ్ణి, ఆ పిలుపు కోసం. నాకు మగపిల్లలు లేరు. మన నాన్న ఇంటిపేరు నావైపు నాతోనే ఆఖరనుకున్నాను. అలాంటిది ముక్కూ మొహం తెలియని మనుషులు దాన్ని పొద్దస్తమానం పిలుస్తుంటే ఎలా ఉంటుందో నువ్వే ఊహించుకో. నాన్న ఈ వీధుల్లోనే ఎక్కడో తిరుగుతున్నట్టు ఉండేది.

అమ్మాయికి మాత్రం అలా లేదు. ఒకరోజు నడుస్తూ అడిగితే చెప్పింది. మొదట్లో ఎవరినో పిలుస్తున్నారని పక్కకి చూసేదట. ఇప్పుడు పలుకుతోందట. "పలకడం వేరు నాన్నా, అది నేనవడం వేరు" అంది.

పెళ్ళయి వచ్చినవాళ్ళకు ఇక్కడొక వెసులుబాటు ఉంది. ఆఫీసుకెళ్ళి పేరు సరిచేయించుకోవచ్చు. ముందేది, వెనకేది, మొగుడిదా, పుట్టింటిదా, ఎక్కడా లేని కొత్తదా, నోటితో చెబితే చాలు, ఇక చట్టానికి అదే పేరు. అయితే ఒక్కసారే. మళ్ళీ మార్చరు. ముందు వాళ్ళమ్మ పెట్టిన పేరే ఉంటుందని అమ్మాయి తేల్చేసింది. వెనకేముండాలన్నదే మిగిలింది. అల్లుడు నీ ఇష్టం అనేశాడు. నా ఇష్టం ఎవరూ అడగలేదు కానీ మొహం దాచుకోలేను కదా. తోకలాగైనా సరే, మన ఇంటిపేరు దానికి అంటిపెట్టుకుని ఉంటే చాలని నా ఆశ.

మొన్న సాయంత్రం వంటింట్లో గిన్నెలు తుడుస్తుంటే మళ్ళీ అదే మాట వచ్చింది. నేను పెద్దరికం చూపించబోయాను. పేరు మారితే మనిషి మారిపోదమ్మా, మీ అత్తను చూడు, పెళ్ళినాడు ఇంటిపేరే కాదు, అసలు పేరే మార్చేశారు, కిక్కురుమనలేదు అన్నాను. దానికి ఈ సంగతి తెలియదట. ఎందుకు మార్చారని పట్టుకుంది. మీ అత్తగారి పేరూ నీ పేరూ ఒకటే అయ్యాయనీ, కోడల్ని తిడితే తనను తానే తిట్టుకున్నట్టు ఉంటుందని ఆవిడ మార్పించిందనీ చెప్పాను. అమ్మాయి వాళ్ళ భాషలో చెబితే అల్లుడు పడీ పడీ నవ్వాడు. అమ్మాయి నవ్వలేదు. గుడ్డ పక్కన పెట్టి, "అమ్మ లేని నాకు జడలేసి బడికి పంపిన మనిషి నాన్నా. అసలు పేరేంటి అత్తది" అంది.

అక్కయ్యా, నాకు రాలేదు.

ఇన్నేళ్ళూ నువ్వు నాకు అక్కయ్యవే కదా. శుభలేఖల మీదా, ఓటరు కార్డు మీదా వాళ్ళు పెట్టిన పేరే. గిన్నె చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కిటికీకి ఆవిరి పట్టి, బయట దీపాలు పెద్ద పెద్ద పసుపు పువ్వుల్లా విచ్చుకుని ఉన్నాయి. వాటివంకే చూస్తూ ఉండగా నాన్న గొంతు వినిపించింది. మిషను తొక్కడం ఆపి, సూదిలో దారం ఎక్కించడానికి నిన్ను కేకేసేవాడు చూడు, మొదటి అక్షరం పొడుగ్గా లాగి, చివరిది మింగేసి. అలాగే వచ్చింది. నాన్న లాగినంతా లాగి పైకి అనేశాను. అమ్మాయి ఒకసారి అంది. తర్వాత అల్లుడు అన్నాడు. ఇప్పటికీ నా పేరుకు నోరు తిరగనివాడు, నీ పేరు మొదటిసారే ఎంత చక్కగా అన్నాడో, నాన్న సాగదీతతో సహా.

నిన్న ముగ్గురం ఆఫీసుకెళ్ళాం. పొడుగాటి గది. కుర్చీలన్నీ ఒకే కమ్మీకి బిగించారు, ఒకరు లేస్తే వరసంతా ఊగుతుంది. ఊగుతూ ఊగుతూ మా వంతు దాకా వచ్చాం. గాజు అవతల ఒకావిడ, ముందుపేరు ఏమిటంది. అమ్మాయి వాళ్ళమ్మ పెట్టిన పేరు చెప్పింది. వెనకపేరు ఏమిటంది. అమ్మాయి నావైపు తిరిగింది.

"నాన్నా, మన ఇంటిపేరు నాకు బరువేం కాదు. తాతయ్యను ఊరంతా పిలిచారు దాంతో, చిన్నప్పుడు నిన్ను బడంతా పిలిచారు. అత్తపేరు మాత్రం తాతయ్యతోనే ఆగిపోయింది. అది పెట్టించుకోవాలని ఉంది. నీకు కష్టమైతే ఇప్పుడే చెప్పు, మానేస్తాను."

మన ఇంటిపేరు గుమ్మంలో నిలబడి చెప్పులు తొడుక్కుంటున్నట్టు అనిపించింది. గాజు అవతలావిడ కలం పట్టుకుని చూస్తోంది. నాన్నలాగే కొత్త గుడ్డ మీద కత్తెర పెట్టేముందు అరచెయ్యి ఆనించి ఒక్క ఊపిరి ఆగడం నాకు అలవాటు, తెగాక అతకదు కదా. అలా ఆగాను. ఆ ఊపిరిలో నువ్వు అప్పగింతలనాడు కొత్త పేరుతో ఎవరో పిలిస్తే పలకక, బిత్తరచూపులు చూస్తూ నిలబడ్డది కనిపించింది. చిన్నవాణ్ణి, అప్పుడు నాకది తమాషాగా ఉండింది.

"రాయించమ్మా" అన్నాను.

ఆవిడ అక్షరం అక్షరం అడిగి రాసుకుంది. రాసి, సరిగ్గా ఉందా అని పైకి చదివింది. గాజుకున్న చిల్లుల్లోంచి నీ పేరు బయటికి వచ్చింది అక్కయ్యా. వరసలో కూర్చున్నవాళ్ళంతా విన్నారు. ఒక్కరికీ నువ్వెవరో తెలియదు, అయినా విన్నారు. ఇకమీదట బ్యాంకులో నువ్వే, పళ్ళ డాక్టరు దగ్గర నువ్వే, కరెంటు బిల్లు మీదా నువ్వే. బయటికొస్తే తుంపర పడుతోంది. రెండు జడలతో నువ్వు మాకంటే ముందు నడుస్తున్నట్టూ, ఎవరు పిలిచినా ఇదిగో వస్తున్నా అని తిరుగుతున్నట్టూ ఉంది నాకు. ఇల్లు దాటిపోయి కూడా నడుస్తూనే ఉన్నానట, అల్లుడు చెయ్యి పట్టి వెనక్కి తెచ్చాడు. తెచ్చి, తిన్నారా అని అడిగాడు.

ఇట్లు,
నిన్ను పేరు పెట్టి పిలిచే వయసు లేకపోయినా ఈ పొద్దుట నుంచీ లోలోపల పిలుచుకుంటున్న
తమ్ముడు

తా.క. మడిచిన ఉత్తరం మళ్ళీ విప్పాను. అసలు నిజం ఇప్పుడే తెలిసింది. పేరు మార్చుకోవడానికి గడువింకా బోలెడుండగా ఇంత తొందరేమిటని అడిగితే, అమ్మాయి అల్లుడివంక చూసింది, అల్లుడు నేలవంక చూశాడు. అమ్మాయికి నెల తప్పింది. బిడ్డ పుట్టగానే ఇక్కడ ఇంటిపేరు రాసేసుకుంటారట. అందుకని అల్లుడు కూడా వాళ్ళ నాన్నను ఒప్పించి, వచ్చేవారం నీ పేరే వెనక పెట్టించుకుంటున్నాడు. అంటే పుట్టేవాళ్ళు, వాళ్ళకు పుట్టేవాళ్ళు, అందరూ నీ ఇంటివాళ్ళే. ఇక నువ్వు ఎవరెవరికి చెప్పాలంటే: ముందు బావగారికి, దగ్గు మందు తాగాక, నెమ్మదిగా. మీ అత్తగారికి, చెవి దగ్గర గట్టిగా; తన పేరే పెట్టారనుకుంటుంది, అనుకోనీ. బాబాయి కొడుకులిద్దరికీ, మన ఇంటిపేరు పూచీ ఇక వాళ్ళదేనని. చిన్న మేనమామకు, రెండుసార్లు, మొదటిసారి నమ్మడు. పెద్దమ్మ కూతురికి మాత్రం ఏమీ చెప్పక్కర్లేదు. ఈమధ్య కొత్తవేవీ గుర్తుండక, మీ పెళ్ళిళ్ళకు ముందు కబుర్లే చెబుతోందని రాశావు కదా. పక్కన కూర్చుని, నిన్ను ఒకసారి పిలవమను.