యాకూబన్న నింపిన గాలి

యాకూబన్నా, సలాం.

నువ్వు పోయి ఏడు నెలలు దాటింది. ఇన్నాళ్ళూ మన కొట్టు స్థితిగతులపై నివేదిక సమర్పించనందుకు మన్నించగలవు. నివేదించదగిన పని ఏదీ జరగలేదు... అదొక్కటే కారణం.

హన్మకొండ మొత్తంలో మోటార్లు బాగుచేసే ఎం.ఏ. తెలుగు పట్టభద్రుణ్ణి నేనొక్కణ్ణేనని నువ్వు గిరాకీలందరికీ చెప్పేవాడివి. బాగుచేసింది నువ్వు. గ్రాంథికంలో రసీదులు రాసింది నేను. అందుచేత నువ్వు పోయాక కొట్టును తదుపరి ఉత్తర్వుల వరకు మూసివేయడమైనది.

ఒక్క పని మాత్రం మానలేదు. దవాఖానకు వెళ్ళే రోజు పొద్దున కంప్రెసర్ నడిపి, మోటార్ల దుమ్ము ఊదడానికి ట్యాంకు నిండా గాలి పట్టి వెళ్ళావు, గుర్తుందా? ఆ గాలి అట్లాగే ఉంచాను. ప్రతి శుక్రవారం వెళ్ళి మీటరు ముల్లు చూసేవాణ్ణి. అతుకులకు సబ్బునీళ్ళు పూసి కూర్చునేవాణ్ణి. "బుడగ రాకుంటె పక్కా. ఫికర్ జెయ్యకు" అనేవాడివి కదా. బుడగ రాలేదు. అయినా ముల్లు కొద్దికొద్దిగా దిగుతూనే ఉంది... ఏ దారిన పోతున్నట్టు అన్నా?

మొన్న హసన్‌పర్తి సమ్మయ్య, నీ పాత గిరాకీ, మోటారును బండిలో వేసుకొచ్చాడు. నడిచిందో లేదో కాగిపోయి ఆగుతోందట. వరి పొట్టకొచ్చింది. సాయంత్రం పొలాలకు కరెంటిచ్చే వేళకు నీళ్ళు పెట్టకపోతే పంట దక్కదన్నాడు. ఎండ తగులుతుందని మోటారుకు గోనెపట్ట కప్పాడట. ఆ గోనె పీచునంతా ఫ్యాను లోపలికి లాక్కోవడంతో గాలి దారులు మూసుకుపోయాయి. "మోటరుకు సుత ఊపిరాడాలె గద" అని నువ్వు ఎన్నిసార్లు తిట్టావో అతనే చెప్పి నవ్వాడు.

మూత విప్పడం నాకొచ్చు. పీచు వైండింగు తీగల సందుల్లో ఇరుక్కుంది. పుల్లతో గీకితే వార్నిష్ లేచిపోతుంది, కనుక ఊదాలి. ఆ పూట మన కొట్టు దగ్గర కరెంటు పోయింది, కొత్త గాలి పట్టే మార్గం లేదు. ఉన్నది నువ్వు నింపింది ఒక్కటే.

ట్యాంకు ఖాళీ అని సమ్మయ్యకు చెప్పాలన్న ప్రతిపాదన నా పరిశీలనకు వచ్చిన మాట వాస్తవం. చాలాసేపు పరిశీలనలోనే ఉంది...

చివరికి పైపు అందుకున్నాను. "ముందుగాల గోడకు కొట్టు, తేమ పోనీ" అన్నది నీ నియమం. ఆ కాస్త గాలి ఉత్తగోడకు వదులుతుంటే ప్రాణం ఉసూరుమంది. అటుపైన మోటారుకు పట్టాను. పీచు పొగలా లేచింది. బుస సన్నగిల్లి, ఆగింది. ముల్లు సున్నా మీద నిలబడింది. ఆ గాలి మా ఇద్దరి ముఖాలకూ తగిలి వెళ్ళిపోయింది. సమ్మయ్య ఏమీ ఎరగక కండువాతో మీసాలు దులుపుకున్నాడు.

పొలం తడిసేదాకా మోటారు ఆగలేదని నిన్న కబురు పంపాడు.

నిన్ననే నేను కూడా కంప్రెసర్ స్విచ్చి వేశాను. ముల్లు లేచింది. ఇప్పుడు ట్యాంకు నిండుగా ఉంది. చూసేవాళ్ళెవరికీ తేడా తెలియదు... నాకు తెలుస్తోంది.

రేపు పొద్దున కొట్టు తెరుస్తాను అన్నా. మాటిస్తున్నాను.

నీ
రాజేశం