నిండితేనే కదిలే బస్సు

అమ్మకు,

నీ చిన్నమ్మాయి నమస్కారాలు. ఇక్కడ నేను, నీ అల్లుడుగారు, నీ కుట్టుమిషను ముగ్గురం క్షేమంగానే ఉన్నాం. అక్కడ నువ్వు, అన్నయ్య, వదిన కులాసా అని తలుస్తాను. తుంటి ఆపరేషన్ చేసిన డాక్టరు ఇక చేతికర్ర పక్కన పెట్టమన్నాడని రాశావు. చదివి ఎగిరి గంతేశాను. నువ్వు మాత్రం అప్పుడే గంతులు వేయకు.

నువ్వడిగినవాటికి వరసగా జవాబులు రాస్తాను. మిషనుకి నూనె వేస్తున్నాను, దుమ్ము పడకుండా పాత దుప్పటి కప్పాను. బజారులో యూనిఫారాల షాపాయన కనబడినప్పుడల్లా అడుగుతున్నాడు, "మీ అమ్మగారెప్పుడొస్తారమ్మా? వేరేవాళ్ళు కుట్టిన కాలర్లు కుక్కచెవుల్లా వేలాడుతున్నాయి" అని. ఎదురింటావిడ దిండుగలీబుల గుడ్డ నీ బీరువాలోనే భద్రంగా ఉంది. ఆ సంగతి నేను మరచిపోయినా ఆవిడ మరవనివ్వదు.

ఇక నీ చివరి ప్రశ్న. "మన తొమ్మిదో నంబరు బస్సు సరిగ్గా నడుస్తోందా? ఒట్టేసి చెప్పు. అది ఉంటేనే వస్తాను. లేకపోతే మీ అన్నయ్య అంటున్నట్టు ఇక్కడే ఉండిపోతాను. ఈ తుంటితో వ్యానులో వంగి కూర్చోలేను, గుడ్డల మూటతో నీ స్కూటరు వెనక వేలాడలేను" అని రాశావు. దీనికి జవాబు ఒక్కముక్కలో రాదమ్మా. కాస్త తీరిగ్గా కూర్చుని చదువు.

మా డిపోకి కొత్త మేనేజరు వచ్చాడని రాశాను కదా. తెలివైనవాడు. ఆ తెలివితోనే మా ప్రాణాలు తోడేస్తున్నాడు. వచ్చిన కొత్తలోనే అందరినీ కూర్చోబెట్టి, "షేర్ వ్యాన్లవాళ్ళు నిండితేనే కదులుతారు, అందుకే బాగుపడ్డారు. మన బస్సులు గాలిని మోసుకుంటూ తిరగడం దేనికి?" అన్నాడు. ప్రయోగానికి ఒక రూటు కావాలన్నాడు. ఊళ్ళో ఇన్ని రూట్లుండగా ఆయన వేలు తిన్నగా వచ్చి మన తొమ్మిదో నంబరు మీద పడింది. స్టాండులో సీట్లు నిండేదాకా బస్సు కదలకూడదు. ట్రాఫిక్ సూపర్‌వైజర్ని కనుక దగ్గరుండి కదలకుండా చూడాల్సింది నేను.

"సార్, వ్యాను నిండడానికి పదిమంది చాలు. బస్సు నిండాలంటే యాభైమంది కావాలి" అన్నాను.

"అందుకే కదమ్మా, లాభం ఐదు రెట్లు!" అన్నాడు.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

మేనేజరు సంగతి అలా ఉంచు. జనమేమైనా తక్కువ తిన్నారా? ఖాళీ బస్సు ఇప్పట్లో కదలదని వాళ్ళకు రెండు రోజుల్లోనే తెలిసిపోయింది. ఎక్కడం మానేశారు. స్టాండు ఎదురుగా టీకొట్టు నీడలో నిలబడి, కాస్త నిండాక ఎక్కుదామని చూస్తారు. అందరూ అలాగే చూస్తారు. బస్సేమో వాళ్ళెక్కితే కదులుదామని చూస్తుంది. ఈలోగా వ్యాను వచ్చి ఆగుతుంది. గొర్రెదాటుగా అందులో దూరతారు. మోకాళ్ళు గడ్డానికి తగులుతూ కూర్చుని కూడా, "ఈ బస్సును నమ్ముకుంటే అంతే సంగతులు!" అని కిటికీలోంచి నన్ను తిట్టిపోస్తారు. బస్సు తీసేస్తారని పుకారు పుడితే మాత్రం, ఎప్పుడూ ఎక్కనివాళ్ళు కూడా గుంపుగా డిపో మీదికొస్తారు. వాళ్ళ లెక్కలో బస్సు ఉండాలి, ఎక్కడానికి మాత్రం పక్కింటివాళ్ళుండాలి.

ఒకరోజు ఒళ్ళు మండి టీకొట్టు దగ్గరికే వెళ్ళాను. "మీరంతా ఒక్కసారి ఎక్కితే బస్సు ఈ క్షణమే కదులుతుంది కదండీ!" అన్నాను.

"ముందు వాళ్ళను ఎక్కమనండి మేడమ్, వెనకాలే మేమూ వస్తాం" అన్నాడు గ్లాసు పట్టుకున్న పెద్దమనిషి. వాళ్ళను అడిగితే ఆయన్ని చూపించారు. కూరగాయల సంచితో ఉన్న ఒకావిడైతే, "ఏమ్మా, ఆ నింపేదేదో డిపోలోనే నింపి తీసుకురాకూడదూ?" అంది.

నాకు తల ప్రాణం తోకకొచ్చింది. అయితే నా కొంప ముంచింది కూడా ఆ మాటే.

అక్కడే వ్యాను తోలే మీసాలాయన నవ్వుతూ వింటున్నాడు. "అక్కా, నా బండిలో ముందు సీట్లో ఎప్పుడూ పేపరు చదువుతుంటాడే, వాడెవడనుకున్నారు? మా బామ్మర్ది. ఖాళీ బండి ఎవడూ ఎక్కడు. ముగ్గురు కనబడితే నాలుగోవాడు పరిగెత్తుకొస్తాడు" అన్నాడు. పోటీవాడి దగ్గర పాఠం నేర్చుకోవాల్సిన గతి పట్టింది నాకు.

మర్నాటి నుంచే మొదలుపెట్టాను. డిపో ఊడ్చే ఆవిడ, మేమంతా అత్త అని పిలుస్తామే, ఆవిణ్ణి ముందు సీట్లో కూర్చోబెట్టాను. ఆవిడ వెనక పంక్చర్లు వేసే ఆయన, డ్యూటీ దిగిన కండక్టర్లు. అప్పటికీ చాలకపోతే నీ అల్లుడుగార్ని బతిమాలాను. "బస్సు డిపోది, జనం ఊరివాళ్ళు. కందకు లేని దురద కత్తిపీటకెందుకే?" అని సణిగారు. సణుగుతూనే ఇస్త్రీ చొక్కా వేసుకుని కిటికీ పక్క సీటు ఎంచుకున్నారు. నిజంగానే పనిచేసిందమ్మా! తలకాయలు కనబడేసరికి టీకొట్టు జనం బిలబిలా వచ్చి ఎక్కారు. బస్సు కదిలింది. మనవాళ్ళు పక్క స్టాపులో దిగి నడిచొచ్చి, మళ్ళీ తరవాతి ట్రిప్పులో కూర్చునేవాళ్ళు.

స్టాండు గేటు దగ్గర తలలు లెక్కపెట్టించిన మేనేజరు పొంగిపోయాడు. "చూశావా నా పద్ధతి!" అని నాకే చెప్పాడు. ఊరుకున్నాడా? వచ్చే నెల నుంచి అన్ని రూట్లకూ ఇదే నియమం అన్నాడు. ఊళ్ళో బస్సులన్నిటికీ కూర్చోబెట్టడానికి నా దగ్గర అంతమంది మొగుళ్ళెక్కడున్నారమ్మా?

ఇప్పుడు అసలు మాట. పోయిన రెండు ఉత్తరాల్లో "బస్సు నిండుగా వెళ్తోంది, నువ్వు నిశ్చింతగా రా" అని రాశాను. ఆ నిండుగా వెళ్ళినవాళ్ళలో నీ అల్లుడు ఒకడు. మనవాళ్ళు దొరకని పూట బస్సు ఎండలో అలా నిలబడే ఉండేది. అది నీకు రాయలేదు. రాస్తే నువ్వు అన్నయ్య దగ్గరే ఉండిపోతావనీ, మిషను ఎవరికైనా ఇచ్చేయమంటావనీ భయపడ్డాను. ఎవరి చెయ్యీ ఆశించకుండా మూట పట్టుకుని బజారుకి వెళ్ళొచ్చే మనిషివి. అన్నయ్య ఇంట్లో ఊరికే కూర్చుని రోజులు లెక్కపెట్టే నిన్ను ఊహించుకోలేను. పైగా నీ మిషను చప్పుడు లేకపోతే ఈ ఇల్లు నాకు ఇల్లులాగే లేదు. నువ్వు నాకు కావాలమ్మా. అందుకే అబద్ధమాడాను.

ఒట్టేసి చెప్పమన్న నీ ఉత్తరం, అన్ని రూట్ల నియమం గురించి పెట్టిన మీటింగు రోజునే అందింది. సంచిలో పెట్టుకునే వెళ్ళాను. మేనేజరు మాట్లాడుతుండగా లేచి నిలబడి ఉన్నదంతా చెప్పేశాను.

"అంటే... నేనిన్నాళ్ళూ లెక్కపెట్టింది మన ఊడ్చే ఆవిణ్ణా?" అన్నాడు.

"పంక్చర్లాయన్ని కూడా సార్."

గదంతా నవ్వులు. నవ్వనివాళ్ళం మేమిద్దరమే. సాయంత్రానికి నాకు మెమో వచ్చింది. అది ఇస్తూ, "సరే, మరి నీ పద్ధతేమిటో చెప్పు" అన్నాడు. "గడియారం సార్. నిండినా, ఖాళీగా ఉన్నా చెప్పిన టైముకి కదలాలి. కదులుతుందని నమ్మితే జనం ముందే వచ్చి కూర్చుంటారు" అన్నాను. "మూడు నెలలు చూస్తాను. నిండకపోతే రూటు ఎత్తేస్తాను. ఆ ఆర్డరు నీ చేతే రాయిస్తాను" అన్నాడు.

మొదటిరోజు కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే అమ్మాయి ఒక్కతే ఎక్కింది. టైమైంది. డ్రైవరు అద్దంలోంచి నా వైపు చూశాడు. పొమ్మని చెయ్యి ఊపాను. టీకొట్టు జనం గ్లాసులు వదిలేసి, "ఖాళీగా పోతుందేమిటి! మేం మనుషుల్లా కనబడట్లేదా?" అని అరుస్తూ పరిగెత్తారు. బస్సు ఆగలేదు. ఆ పూట నేను తిన్న తిట్లు నీకు రాయను. ఈమధ్య కొందరు ముందుగానే వచ్చి కూర్చుంటున్నారు. అయినా సగం సీట్లు ఖాళీయే. నిన్న సెలవు పెట్టి మరీ అత్త టిక్కెట్టు కొనుక్కుని ఎక్కింది. ఎందుకని అడిగితే, "ఇన్నాళ్ళూ పక్క స్టాపులోనే దింపేశారు. ఇది చివరికి ఎక్కడిదాకా పోతుందో నేనూ చూడొద్దా?" అంది.

ఇదీ సంగతి. మూడు నెలల తరవాత కూడా బస్సు ఉంటుందని ఒట్టు వేయలేను. ఇవాళ టైముకి కదిలిందని మాత్రం ఒట్టు. నువ్వు వచ్చాక అది ఆగిపోతే ఏం చేస్తావో నాకూ తెలియదు. రాకపోయినా నిన్ను తప్పుపట్టను. కానీ ఒక్కటి అడుగుతాను. టీకొట్టు దగ్గర జనం కూడా నువ్వు రాసిన మాటే అంటున్నారు, బస్సు ఖాయమైతే ఎక్కుతామని. వాళ్ళతో రోజూ వాదించి వాదించి నా గొంతు పోయింది. నువ్వైనా ముందు ఎక్కమ్మా.

ఇట్లు
నీ కోసం స్టాండులోనే కనిపెట్టుకుని ఉండే
నీ చిన్నమ్మాయి