వరద క్యాంపులో మోదుగాకులు

బిడ్డా లక్ష్మీ,

అక్కడ మీ బాపు దగ్గు తగ్గిందా? నానమ్మ మోకాళ్లు ఎట్లున్నాయి? నువ్వు వేళకు తింటున్నావో లేదో.

మురుగునీటి నాలా పొంగి మన బస్తీ మళ్లీ మునిగింది. నువ్వు పోయాక, నువ్వు నడిపిన అన్నాల క్యాంపు నీ వెంట తిరిగిన రహీమానే నడుపుతోంది. సాయం తగ్గిపోయిందని ఆఫీసువాళ్లు విస్తరాకులు మాన్పించి ప్లాస్టిక్ ప్లేట్లు పంపారు. పిల్లలు పస్తులుంటారేమోనని భయపడి, తీసుకొమ్మని నేనే అన్నాను.

"నీకు మస్తు ఫికర్, అమ్మా! గివే గదా నాలాకు అడ్డం పడ్డయి? లక్ష్మక్క ఉంటే ఒప్పుకుంటుండెనా?" అని రహీమా నన్నే కసిరి, వాటిని వాపసు పంపింది.

ఆకుల సేటు ఊరికే ఇచ్చిన మోదుగాకులను ఆడవాళ్లంతా కూర్చుని నువ్వు నేర్పినట్టే పుల్లలతో కుట్టారు. అన్నం ఆలస్యమైనా ఎవరూ లొల్లి చేయలేదు. నిన్ను కన్నది నేనేనని అందరికీ చెప్పుకున్నాను.

వచ్చే ఆదివారం పొద్దున రహీమాతో నీ సమాధి దగ్గరికి వస్తాను. వాన పడినా వస్తాం.