తొమ్మిదో నామానికి దిగుతాను

ఏమండీ,
అన్నం, కూర మూతపెట్టి ఉంచాను. సాయంత్రం దేవుడి దగ్గర దీపం మీరే పెట్టండి. కాలు విరిగిన అక్కను చూడటానికి మెట్రోలో ఒక్కదాన్నే వెళ్తున్నాను. ఆదివారం తీసుకెళ్తానన్నారు. అన్నాళ్ళు ఆగను.

పోయినసారి జపం చేస్తూ కళ్ళు మూసుకున్నాను, రైలు మారాల్సిన స్టేషన్ దాటిపోయింది, నిజమే. అందుకని "మా ఆవిడ మెట్రోలో తీర్థయాత్రకు వెళ్ళింది" అని చుట్టాలందరినీ నవ్వించాలా? అయినా కళ్ళు మూసుకుంటేనే దేవుడు వింటాడా? ఈసారి కళ్ళు తెరిచే, స్టేషన్‌కో నామం అనుకుంటాను. తొమ్మిదో నామానికి దిగి రైలు మారతాను. వెతుక్కుంటూ రాకండి. మీ మెట్రో కార్డు కూడా నా దగ్గరే ఉంది.

తా.క. జపమాల బల్లమీద పెట్టాను. కంగారొస్తే మీరు తిప్పుకోండి.