నువ్వు రాసిన ఆఖరి స్టెప్పు

ఒరేయ్ శీనూ,

నువ్వు పోయి రేపటికి ఏడాది. మన టూల్ మాత్రం బతికే ఉంది. మన బదులు పనులు చేసిపెట్టే ఏఐ ఏజెంట్లకు బయటి సర్వీసులతో కనెక్షన్ కుదిరిందో లేదో పరీక్షించే ఆ టూల్‌ని నరసరావుపేట గదిలో ఇద్దరం కలిసి చేశాం. దాన్ని ఎలా వాడాలో డాక్యుమెంటేషన్ రాసిన పాపం మాత్రం నీదే.

మాచర్ల బస్టాండులో దారి చెప్పినట్టు రాశావు కదరా. "కొంచెం కిందికి పో, సెట్టింగ్స్ కనపడిద్ది. రాకపోతే ఆపి మళ్లీ పెట్టు. అప్పటికీ కనెక్ట్ కాకపోతే నాకు ఫోన్ చెయ్యి." కింద నీ నంబరు. ఇదేందిరా అని నేనడిగితే, "చదివేది మనుషులేగా, అర్థం గాకపోతే అడుగుతార్లే" అన్నావు.

ఇప్పుడు చదివేది మనుషులు కాదురా. మొన్న ఒక హైదరాబాద్ కస్టమర్ ఆ పేజీని నేరుగా తన ఏజెంటుకే ఇచ్చి, కనెక్షన్ పరీక్షించమన్నాడు. అది నువ్వు చెప్పినవన్నీ బుద్ధిగా చేసింది. కిందికి పోయింది, ఆపి మళ్లీ పెట్టింది, చివరికి నీకు ఫోన్ కూడా చేసింది. తర్వాత రిపోర్టు పంపింది: "ఆఖరి స్టెప్పు పూర్తి కాలేదు. అవతల ఎవరూ ఫోన్ ఎత్తడం లేదు. మళ్లీ ప్రయత్నిస్తున్నాను."

ఆ కస్టమర్ నన్ను కడిగేస్తుంటే నవ్వాపుకోలేక ఫోన్ పక్కన పెట్టేశాను.

ఈ రోజు కూర్చుని అంతా తిరగరాశాను. నీ ఆఖరి స్టెప్పు కొట్టేయడానికి మాత్రం చేతులు రాలేదు. అది పనిచేయదని ఏజెంటు నాకు చెప్పాలా? దానికంటే ముందు నుంచీ నేనూ నీ నంబరుకు ఫోన్ చేస్తూనే ఉన్నాను.