థోరా మెలకువగానే ఉంది

1956 ఫిబ్రవరి 9, గురువారం. ఉత్తరపు గాలి. సున్నాకు ఇరవై రెండు డిగ్రీల కింద. సరస్సు మంచుకు కన్నం కొట్టి రెండు వలలు ఎత్తాను.

జనన మరణాల నమోదు అధికారి గారి సముఖమునకు,

విన్నిపెగ్ సరస్సు పడమటి గట్టున చేపలు పట్టి జీవించే ఐనార్ బ్యార్నసన్ రాసుకున్న రెండవ అర్జీ.

అయ్యా,

విషయం: మా కుమార్తె రగ్నా ప్రాణంతో పుట్టినట్లు నమోదు చేయుట గురించి.

1. గత నవంబరు 14న ఇక్కడి ఆసుపత్రిలో నా భార్య థోరాకు ఆపరేషను చేసి బిడ్డను తీశారు. రిజిస్టరులో "మృత శిశువు" అని రాశారు. బిడ్డ ఒక్కసారి ఏడ్చిందనీ, తాను విన్నాననీ థోరా చెప్పింది. ఆ సంగతే మొదటి అర్జీలో విన్నవించుకున్నాను.

2. తమ కార్యాలయం ఇచ్చిన జవాబు: "ఆ సమయమున తల్లి మత్తులో ఉన్నందున ఆమె విన్నదానిని సాక్ష్యముగా స్వీకరించుట కుదరదు."

3. ఇందులో పొరపాటు ఉంది. ఆమెకు నిద్రపుచ్చే ఈథరు పీల్పించలేదు. ముందుకు వంగి కూర్చోమని, నడుము దగ్గర వెన్నులోకి సూది వేశారు. ఆ మందుకు పొట్ట నుంచి కింది భాగమే మొద్దుబారుతుంది. తెలివి పోదు. నేను బడిలో చదివినవాణ్ణి కాను. డాక్టరు గారి పుస్తకం అడిగి తెచ్చుకుని ఆ అధ్యాయం మూడుసార్లు చదివాను.

4. సూది వేశాక జరిగిన మాటలు అక్కడే ఉన్న నర్సు ఓల్గా నాకు చెప్పింది.

"డాక్టరుగారూ, నా కాళ్ళు ఎవరైనా ఎత్తుకుపోయారా?"

"ఇక్కడే ఉన్నాయమ్మా. ఓ రెండు గంటలు నాకు అరువిచ్చావు, అంతే."

"జాగ్రత్త. ఆ ఎడమది కాస్త మొండిది."

నిద్రలో ఉన్న మనిషి ఇలా మాట్లాడదు.

5. ఓల్గా అయిదేసి నిమిషాలకు రాసిన కాగితం నకలు జతపరిచాను. 10.40: "నాడి తొంభై. మాట్లాడుతోంది." 10.45: "మాట్లాడుతోంది." 10.50: "నవ్వుతోంది." 10.55కి నాడి మాత్రమే రాసి ఉంది.

10.50కి థోరా, "అమ్మో, ఈ గొంతు మా అత్తదే! ఇక నా బతుకు తెల్లారినట్టే" అని నవ్వింది. ఆ మాట ఓల్గా విన్నది. ఏడుపు విన్నానని మాత్రం ప్రమాణం చేయలేనంటోంది; అప్పుడే పళ్ళెం జారి కింద పడిందట. డాక్టరు గారు నాతో, "నా ధ్యాసంతా రక్తం ఆపడం మీదే ఉంది ఐనార్. నాకు వినబడలేదు. అంతమాత్రాన ఏడవలేదని ఎలా అనను?" అన్నారు.

మా అమ్మ ఆ రోజు ఆసుపత్రికి రానేలేదు. ఆ గదిలో ఆ నిమిషాన నవ్వదగినది వేరే ఏముందో తమరే విచారించాలి.

6. నేను సాక్ష్యం చెప్పలేను. అప్పుడు బయట ట్రక్కులో ఉన్నాను. ఇంజను చల్లబడకుండా తిప్పుతున్నాను.

7. తమ జవాబు నాకంటే ముందు థోరా చదివింది.

"వాళ్ళు చదువుకున్నవాళ్ళు కదా. నేను నిద్రపోయే ఉంటానేమో ఐనార్. కలగన్నానేమో."

"నువ్వు కలగనలేదు."

"నువ్వు అక్కడ లేవుగా."

అప్పటినుంచి ఆమె బిడ్డ పేరు ఎత్తడం లేదు. మా అమ్మ ఇంటికి వస్తే పక్క గదిలోకి వెళ్ళిపోతోంది.

కావున, రిజిస్టరు దిద్దడానికి చట్టం ఒప్పుకోకపోతే దిద్దవద్దు. ఆపరేషను జరిగినంతసేపూ ఆమె మెలకువగా ఉన్నదని ఒక్క వాక్యం, తమ ముద్ర వేసి, నాకు కాదు, ఆమె పేరున పంపవలసిందని ప్రార్థన. ఈ ఒక్క మనవి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఐనార్ బ్యార్నసన్

మరొక మాట: నా దినచర్య పుస్తకంలో ఆ రోజు రాసినది కూడా పంపమని తమ జవాబులో అన్నారు. ట్రక్కులో కూర్చుని రాస్తుండగా ఓల్గా వచ్చి కిటికీ అద్దం తట్టింది. ఉన్నది ఉన్నట్టు నకలు రాశాను.

"నవంబరు 14, సోమవారం. మబ్బు. వాయవ్యపు గాలి. ట్రక్కు చక్రాలకు గొలుసులు కట్టాను. థోరాను ఆసుపత్రిలో చేర్చాను. ఉయ్యాలకు వేసిన రంగు రెండో పూత ఆరింది. ఇంటికి వెళ్ళగానే దాన్ని"